అలంకార దీపములును అనర్థదండమును

గృహస్థుడు ఇంటిలో దీపము పెట్టవచ్చునా అని మనలో ఎవ్వరును సందేహింపరు. శ్రావకుడు ముని కాడు. వంట లేక, వెలుగు లేక అతని సంసారము సాగదు. సాగదని యెరిగియే మన ఆచార్యులు అతనికి మహావ్రతములను గాక అణువ్రతములను విధించిరి. కావున ఇక్కడ చర్చింపదలచినది ఆ ప్రశ్న కాదు. కూర్చుండుటకును, చదువుటకును, చిట్టా వ్రాసికొనుటకును, వచ్చిన చుట్టము ముఖము చూచుటకును చాలినంత వెలుగు గదిలో ఏర్పడిన తరువాత, ఆ పైని వెలిగించు దీపము దేనికొరకు? అది ముచ్చటా, విలాసమా, లేక మన శాస్త్రము పేరు పెట్టి చెప్పిన ఒక దోషమా?

కావేరిపాక్కములోను, వేలూరులోను, గుడియాత్తములోను మనవారు కట్టుకొనుచున్న క్రొత్త ఇండ్లను చూచినవారికి ఈ ప్రశ్న ఎందుకు పుట్టినదో వేరుగ చెప్పనక్కరలేదు. ఇదివరలో హాలునకు ఒక ట్యూబులైటు, పూజగదిలో ఒక ప్రమిద, వాకిట ఒక బల్బు. ఇప్పుడు మొదట కప్పు క్రింద మరియొక కప్పు దిగును. దానిని ఫాల్స్ సీలింగు అందురు. దాని అంచుల వెంబడి కంటికి కనబడకుండ స్ట్రిప్ లైట్లు పరచుదురు. నడుమ ఝూమరు వ్రేలాడును. భోజనపు బల్లపై మూడు గాజు బుడ్లు ఎత్తుపల్లములుగా దిగును. గోడలోని ప్రతి పటమునకును దాని దీపము దానికి కలదు. మెట్ల క్రింద, అద్దము వెనుక, మంచము క్రింద సయితము వెలుగు. హైదరాబాదు చౌమహల్లా భవనమున ఖిల్వతు దర్బారులో 19 ఝూమరులు వ్రేలాడుచున్నవి. నవాబుల కాలమున అది లోకమునకు వింత. ఆ వింత ఇప్పుడు నమూనా పుస్తకములలోనికి దిగి, వర్తకుని ఇంటి కొలతకు తగ్గి, మన వాకిటికి వచ్చినది. అందులో కొన్ని చాల అందముగా ఉన్నవని ఒప్పుకొనక తప్పదు. దీపము కనబడకుండ వెలుగు మాత్రము కనబడునట్లు చేయుటలో ఒక మర్యాద కలదు. అది గుప్తదానము వంటిది.

మనము వ్యాపారస్థులము గనుక ముందుగా లెక్క చూతము. ఇంటిలో ఇటువంటి దీపములు 60 ఉన్నవనుకొందము. ఒక్కొక్కటి 9 వాట్లు. సాయంకాలము 6 గంటలు మొదలు రాత్రి 11 వరకు, అనగా 5 గంటలు. మొత్తము 540 వాట్లు, దినమునకు 2.7 యూనిట్లు, నెలకు 81 యూనిట్లు. తమిళనాడు ప్రభుత్వము 2016లో ప్రతి ఇంటికిని రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితము చేసినది. ఈ అలంకారము ఒక్కటే రెండు నెలలకు 162 యూనిట్లు తినును.

అయితే ఎల్.ఇ.డి. దీపములు మిక్కిలి పొదుపైనవి కదా అని పిల్లలు అందురు. నిజమే. పాత తంతి బల్బు తాను తీసికొన్న విద్యుత్తులో నూటికి సుమారు అయిదు పాళ్లు మాత్రమే వెలుగుగా ఇచ్చి, మిగిలినది వేడిగా పారవేసెడిది. ఆ 60 వాట్ల బల్బు ఇచ్చిన వెలుగును ఇప్పుడు 9 వాట్ల దీపము ఇచ్చుచున్నది. ఇట్టి తెల్లని దీపమునకు దారి తీసిన నీలి ఎల్.ఇ.డి.ని సాధించినందులకే అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. కాని ఇంటిలో జరిగినదేమి? ఒక 60 వాట్ల బల్బు తీసివేసి, ఒక 9 వాట్ల దీపము పెట్టి ఊరకుండినవారు కొలదిమంది. తక్కినవారి ఇంట మిగిలిన 51 వాట్లు మరి అయిదు దీపములై తిరిగి కప్పునకెక్కినవి. జమ వచ్చినదంతయు అదే పూట ఖర్చు వ్రాసినట్లయినది.

ఇంతవరకు చెప్పినది డబ్బు లెక్క. కలవాడు డబ్బు కట్టగలడు. అతనిని ఆ మాటతో ఆపలేము, ఆపవలసిన పనియు లేదు. మన శాస్త్రము అడుగు లెక్క వేరు.

శ్రావకుని 12 వ్రతములలో గుణవ్రతములు మూడు. అందొకటి అనర్థదండ విరమణము. దండమనగా ఇతర జీవులకు కలిగించు నొప్పి. బ్రతుకుతెరువునకై తప్పనిసరిగా కలుగు నొప్పిని గృహస్థుడు తగ్గించుకొనుటకు యత్నింపవలెనే గాని పూర్తిగా మానలేడు. ప్రయోజనమేమియు లేకయే కలిగించు నొప్పి అనర్థదండము. దానిని మానుటకు ఏ గృహస్థునకును అడ్డులేదు, ఎందుకనగా మానిన యెడల అతనికి నష్టము లేదు. కావేరిపాక్కమునకు దగ్గరలోనే యున్న కంచితో సంబంధము కలవాడని సంప్రదాయము చెప్పెడి సమంతభద్రాచార్యుడు తన రత్నకరండ శ్రావకాచారమున ఈ దోషమును విభాగించి చెప్పెను. వానిలో ఒకదాని పేరు ప్రమాదచర్య. నిష్ప్రయోజనముగా నేల త్రవ్వుట, నీరు పారబోయుట, చెట్టుచేమలను తుంచుట వంటివి దానిలో చేరును. నిప్పును ఊరక మండించుటయు ఆ జాబితాలోనిదే.

ఇక్కడ ఒక మాట గమనింపవలెను. తెలుగున ప్రమాదమనగా మనకు బండి బోల్తాపడుటయో, ఇల్లు అంటుకొనుటయో తోచును. శాస్త్రమున ప్రమాదమనగా ఏమరుపాటు. ఉమాస్వాతి హింసకు లక్షణము చెప్పునపుడు కూడ ఏమరుపాటుతో కూడిన ప్రవర్తనవలన ప్రాణము తీయుటనే హింస అనెను. కత్తి పట్టినవాని కోపము మాత్రమే కాదు, మీట నొక్కి మరచిపోయినవాని పరాకు కూడ ఆ లక్షణమునకు లోబడును.

విద్యుత్తు ప్రాణము కలదా లేదా అను వాదము మన సంఘములలో చాలకాలముగా ఉన్నది. అది సచిత్తమైన తేజస్కాయమని ఎంచి దీపమునకును, ధ్వనియంత్రమునకును దూరముగ ఉండెడి మునులు కలరు. తేరాపంథమున అది అచిత్తమని నిర్ణయించి అందులకు కారణములు చూపినవారును కలరు. ఆ వాదమును తీర్చుట నావంటివాని పని కాదు. అనేకాంతము తెలిసినవారికి తొందరయు అక్కరలేదు. కాని తంతిలోని విద్యుత్తు సచిత్తమైనను కాకపోయినను, ఆ దీపము చుట్టు తిరిగి నేలరాలిన పురుగు సచిత్తమే కదా. దానిని గూర్చి ఏ సంఘమునను వాదము లేదు. చీమలు, చెదలు త్రీంద్రియములనియు, ఈగలు, తుమ్మెదలు, దీపపు పురుగులు చతురింద్రియములనియు మన ఇంటి పిల్లలు పాఠశాలలో నేర్చుకొనుచునే ఉన్నారు.

కావేరిపాక్కములో ఉన్నవారికి దీని సంగతి వేరుగ వర్ణింపనక్కరలేదు. పాలారు ఆనకట్ట నుండి కాలువ వచ్చి నింపు పెద్ద చెరువు ఊరి ప్రక్కనే యున్నది, చుట్టును వరిపొలములు. (1752 ఫిబ్రవరిలో క్లైవు సేనయు, ఫ్రెంచివారి సేనయు ఈ ఊరి దగ్గరనే రాత్రివేళ వెన్నెలలో పోరాడెను. మనుష్యులను మనుష్యులు చంపుకొనుటకు ఆనాడు వెన్నెల వెలుగే చాలినది.) తొలకరి వాన పడిన సాయంకాలము ఉసిళ్లు నేలనుండి లేచి దీపములున్న ఇంటికే వచ్చును. తెల్లవారి వాకిలి ఊడ్చువారికి చీపురు క్రింద రెక్కలే రెక్కలు. వాన వచ్చిన రాత్రి వాకిటి దీపము ఆర్పివేయుట మన ముసలివాండ్రకు అలవాటు. క్రొత్త ఇంటిలో వాకిటి దీపము, ప్రహరీ దీపములు, తోటలో చెట్ల మొదళ్ల నుండి పైకి కొట్టు దీపములు అన్నియు ఒక్క మీటకు కట్టబడి యున్నవి. ఆర్పుమని చెప్పుటకు ముసలామెకు ఆ మీట ఎక్కడనో తెలియదు.

శలభము దీపమునకు ప్రియుడని కవులు ఎంత కాలముగానో చెప్పుచు వచ్చిరి. ప్రేమతో తనంతట తానే వచ్చి పడినదని మనమును నమ్మితిమి. అది మనకు సౌకర్యమైన నమ్మకము. తానుగా వచ్చినదానికి మన బాధ్యత యేమి? 2024లో వెలువడిన ఒక పరిశోధన ఈ నమ్మకమునకు ఆధారము లేకుండ చేసినది. వేగముగా తీయు కెమెరాలతో రాత్రి ఎగురు పురుగులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు కనుగొన్నది ఇది. కీటకము ఎగురునపుడు తన వీపును వెలుగు వైపునకు త్రిప్పి ఉంచుకొనును. కోట్ల సంవత్సరములుగా రాత్రివేళ కూడ వెలుగెక్కువగా ఉన్న దిక్కు ఆకాశమే. కావున వీపు వెలుగునకు ఉన్నంతవరకు దానికి పైయేదో, క్రిందేదో తెలియును. దగ్గరలో దీపమున్నపుడు అది దీపమునే ఆకాశమనుకొని వీపు అటు త్రిప్పును. త్రిప్పినంతనే దారి వంగును. ఇక తిరుగుటయే గాని విడివడుట లేదు. దీపము క్రిందినుండి పైకి వెలుగు కొట్టుచుండిన యెడల పురుగు తలక్రిందులై నేలకూలును.

కావున అది వచ్చినది ప్రేమచేత కాదు, దారి తప్పుటచేత. ఆ దారి తప్పించినది మనము. ఇది తెలిసిన తరువాత తోటలో చెట్టు అందముగా కనబడవలెనని క్రిందినుండి పైకి దీపము పెట్టుటకు ఏ సమాధానము చెప్పగలమో నాకు తోచుట లేదు. హాలులోని ఝూమరు విషయమున ఎంతయో వాదింపవచ్చును. ఈ తోటదీపము విషయమున వాదమే లేదు.

ఆలోచించి చూచినచో మన రాత్రిభోజన త్యాగము కూడ దీపమును గూర్చిన నియమమే. చీకటిలో తినిన పురుగు కనబడదు. దీపము పెట్టి తినిన ఆ దీపమే పురుగును పళ్లెములోనికి పిలుచును. రెండువిధముల హింసయే గనుక ప్రొద్దు క్రుంకకముందే తినుమనిరి. విద్యుద్దీపము వచ్చిన క్రొత్తలో కొందరు చదువుకొన్నవారు, ఇప్పుడు పట్టపగలువలె కనబడుచున్నది గనుక ఆ నియమమునకు కాలము చెల్లినదనిరి. వారు కంటిని గూర్చి ఆలోచించిరే గాని పురుగును గూర్చి కాదు. వెలుగు హెచ్చిన కొలది వచ్చెడి పురుగులును హెచ్చినవి. చౌవిహారము పట్టిన ఇంటిలో భోజనపు బల్లపై మూడు గాజు బుడ్లు వ్రేలాడదీయుట నాకు కొంచెము నవ్వు పుట్టించును. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగియుచుండగా ఆ దీపములు ఏ పళ్లెముపై వెలుగు చల్లవలెను?

దీనికి ఎదురుమాట బలముగానే కలదు. మన ఆలయములలో లేని వెలుగా? కలకత్తాలో రాయ్ బద్రీదాసు 1867లో కట్టించిన శీతలనాథ మందిరమున అద్దముల పనియు, రంగు గాజులును, ఝూమరులును చూచుటకు దేశదేశముల నుండి వత్తురు. ఇందూరులో సేఠ్ హుకుంచంద్ కట్టించిన కాంచ్ మందిరమున గోడలు, కప్పు, స్తంభములు, నేల సయితము గాజే. మన పెద్దలకు లేని దోషము మనకెందుకు అని అడుగవచ్చును. అడుగవలసిన మాటయే. కాని ఆ మందిరములలో పనివాడు చేసిన ఉపాయమును చూడుడు. ఒక్క దీపము వెలిగించిన అద్దములలో అది నూరై కనబడును. నూరు దీపముల శోభ వచ్చినది, మండినది మాత్రము ఒక్కటి. పైగా ఆ వాకిలి వచ్చినవారందరికిని తెరచియున్నది. మన హాలులోని వెలుగు మనకును, మనము పిలిచినవారికిని మాత్రమే.

ఈ ప్రాంతమునందే మరియొక సాక్ష్యము కలదు. పోలూరు దగ్గర తిరుమల అను కొండ యున్నది. మన వేంకటాచలము కాదు, ఇది నేమినాథుని 16 అడుగుల విగ్రహముగల జైనక్షేత్రము. అక్కడి శిలాశాసనమున, రాజేంద్రచోళుని కాలమున, అనగా 11వ శతాబ్దిలో, పెరుంబాణప్పాడికి చెందిన నన్నప్పయ్య అను వర్తకుని భార్య చాముండప్పై కుందవై జినాలయమునకు దీపము దానము చేసినట్లు వ్రాయబడి యున్నది. చక్రవర్తి దిగ్విజయములను చెప్పిన రాతిపైననే ఒక కోమటి ఇల్లాలి దీపము కూడ చెక్కబడినది. ఒక్క దీపమునకు శాసనమేల అని నేటివారికి తోచవచ్చును. ఆనాడు అఖండదీపము వెలిగించుట ఎంత పనియో ఇతర ఆలయముల శాసనములు చెప్పుచున్నవి. ఒక నందాదీపమునకు దినమునకు ఒక ఉళక్కు నెయ్యి పోయుటకై 96 గొఱ్ఱెల మందను ఇచ్చుట చోళదేశమున పరిపాటి. ఆ లెక్కను మన 60 దీపములకు 5,760 గొఱ్ఱెలు కావలెను. కాపరులను, పచ్చికబయళ్లను లెక్కలోనికి తేలేదు. వెలుగు వెనుక మంద యున్నదని నాడు ఊరికంతయు కనబడుచుండెను. నేడు తంతి గోడలోపల దాగినది గనుక వెనుకనున్నది ఏదియు కనబడదు.

వెనుకనున్నవానిలో మనుష్యులును కలరు. మన దేశమున గాజు ఝూమరులు ఫిరోజాబాదులో విశేషముగా తయారగును. అక్కడి కొలుముల పొగవలన తాజమహలు పాలరాయి చెడుచున్నదని 1996లో సుప్రీముకోర్టు బొగ్గు మాన్పించి సహజవాయువు వాడుమని ఆజ్ఞాపించినది. రాయి నల్లబడుటను గూర్చి అంత వ్యాజ్యము నడచుటకు ముందు, ఆ కొలిమి ముందు నిలిచి గాజునూదు మనిషి ఊపిరి ఎన్ని తరములుగా ఆ పొగను పీల్చినదో తలచుకొనుట మంచిది. శ్రావకుడు మానవలసిన 15 కర్మాదానములలో మొదటిది అంగారకర్మ, నిప్పుతోడి వృత్తి. మనము కొలిమి నడపము గనుక దోషము మనకంటదని తృప్తిపడుదుము. కొనువాడు లేక కొలిమి మండదు.

ఈ సంచిక చదువువారిలో విద్యుత్ సామానుల అంగళ్లు నడపువారు అనేకులుందురు. వారు నాపై కోపింపకుందురు గాక. దీపము అమ్ముట దోషమని నేను అనుట లేదు. గుడియాత్తములో అగ్గిపెట్టెల పరిశ్రమ ఎన్ని కుటుంబములకు కూడు పెట్టినదో అందరమును ఎరుగుదుము. ఆ పుల్లతో పొయ్యి వెలిగించినవారును కలరు, ఇల్లు తగులబెట్టినవారును కలరు. అంగడివాని ధర్మము వేరొకచోట పరీక్షకు నిలుచును. ఒక యువకుడు క్రొత్త ఇంటి ప్లాను పట్టుకొని వచ్చి, హాలునకు ఎన్ని దీపములు కావలెనని అడిగినాడనుకొందము. ఆరు చాలునని అంగడివానికి తెలియును. పదునాలుగు చెప్పిన లాభము రెండింతలు దాటును. అనర్థదండ భేదములలో పాపోపదేశమని ఒకటి కలదు: తన సలహా చేత ఇతరుని నిష్ప్రయోజనమైన ఆరంభమునకు పురికొల్పుట. ప్రక్కయింటివారు ఇరువది పెట్టించినారు అన్న ఒక్క మాట చాలును, ఆ దోషము పూర్తియగుటకు. ఆరే చాలును బాబూ, మిగిలిన డబ్బుతో మంచి రకము కొనుము అని చెప్పినవాడు ఆ పూట కొంత నష్టపడును. ఆ యువకుడు తన చెల్లెలి ఇల్లు కట్టునపుడు ఎవరి అంగడికి వచ్చునో వర్తకులకు నేను చెప్పవలెనా?

అయితే అందము ప్రయోజనము కాదా? ఇది తేలికగా త్రోసివేయరాని ప్రశ్న. అందము లేని ఇంటిలో మనిషి మనస్సు ఎండిపోవును; మన ఆలయ శిల్పులే అందులకు సాక్షులు. నా అభిప్రాయము ఇది. చూచువాడు ఉన్నపుడు అందము ప్రయోజనమే. పండుగనాడు నలుగురు కూడినపుడు ఝూమరు వెలిగించుటను నేను అనర్థమనను. చుట్టములు వెళ్లి రెండు గంటలైనను, అందరును లోపల నిద్రించుచుండగా, ఖాళీ హాలులో అది వెలుగుచుండుటయే ప్రమాదచర్య. దీపము ఒకటే, వెలుగు ఒకటే; పదిగంటలకు ధర్మమైనది పన్నెండు గంటలకు దోషమైనది. దీపపు రూపములో గాని, ఖరీదులో గాని ఈ భేదము లేదు. గదిలో మనిషి ఉన్నాడా లేడా అనుటలో ఉన్నది.

పావాపురిలో మహావీరస్వామి నిర్వాణము పొందిన రాత్రి, తొమ్మిదిమంది మల్లులును తొమ్మిదిమంది లిచ్ఛవులును కలిసి పదునెనిమిదిమంది గణరాజులు దీపములు వెలిగించిరని కల్పసూత్రము చెప్పును. జ్ఞానజ్యోతి వెళ్లిపోయినది గనుక ద్రవ్యజ్యోతినైనను వెలిగింతమని వారు తలచిరట. మన దీపావళి ఆ అమావాస్యదే. ఆ దీపములు వైభవము చూపుటకు పెట్టినవి కావు. పోయినదానికి బదులుగా, అది బదులు కానేరదని తెలిసి, పెట్టినవి. వళ్ళిమలలోను, ఆర్కాటు దగ్గర పంచపాండవమలలోను తపస్సు చేసిన మునులు ఆ బదులును కూడ కోరక, ప్రొద్దు క్రుంకినంతనే గుహలో చీకటిలోనే కూర్చుండిరి. మనము ఆ చీకటిలో కూర్చుండలేము. ఈ రెంటికిని నడుమ ఎక్కడనో గృహస్థుని హాలు ఉన్నది.

ఇల్లు కట్టుచున్నవారికి ఉపయోగపడు సంగతులు కొన్ని కలవు. గోడకు, కప్పునకు తెల్లని సున్నపు రంగున్న గదిలో సగము దీపములు చాలును. ముదురు రంగు వేసి దీపములు పెంచుట రెండు ఖర్చులు. చదువుకొను చోట వెలుగు పుస్తకముపై పడవలెను, కప్పుపై కాదు. నీలి ఛాయ కల 6,500 కెల్విను తెలుపు కంటె పసుపు ఛాయ కల 2,700 కెల్విను దీపము కంటికి హాయి, పురుగులను రప్పించుటయు తక్కువ. వాకిటి దీపమునకు పైన మూత ఉండి వెలుగు మెట్లపైననే పడవలెను. మెట్లకును, స్నానాల గదికిని మనిషి వచ్చినపుడు మాత్రమే వెలుగు సెన్సరు దీపములు ఇప్పుడు మన ఊళ్లలోనే దొరకుచున్నవి. ఏమరుపాటుకు యంత్రము చేసిన మందు అది. చాతుర్మాస్యపు నాలుగు నెలలు తోటదీపములు, ప్రహరీ దీపములు వెలిగింపమని నియమము పట్టుట ఏ కుటుంబమునకును కష్టము కాదు.

అన్నిటికంటె ముందు చేయవలసినది ఒకటి కలదు. ఎలక్ట్రీషియను గోడ చెక్కకముందే, ఏ దీపమునకు ఆ మీట విడిగా పెట్టుమనియు, వాకిటి దీపపు మీటను ముసలివాండ్ర చేతికందునట్లు తలుపు ప్రక్కనే పెట్టుమనియు చెప్పవలెను. గోడ పూడ్చి రంగు వేసిన పిదప చెప్పిన లాభము లేదు. అప్పటికి ఆ పదునాలుగు దీపములును ఒక్క మీటకే వెలుగుచుండును.